సంధి చేసే అధికారం ఎవరిది? 1789లో గుంటూరు సర్కారు, న్యూయార్క్ సెనేట్

1789 జులై 7న గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ కలకత్తా నుంచి హైదరాబాదు పాలకుడు నిజాం అలీఖాన్‌కు ఒక ఉత్తరం పంపాడు. పైకి అది పాత ఒప్పందానికి వివరణ ఇచ్చే మర్యాద లేఖ. లోపల మాత్రం ఒక యుద్ధానికి కావలసిన ఏర్పాటంతా ఉంది. ఆ ఉత్తరం దాకా వచ్చిన వ్యవహారం మొదలైంది గుంటూరు సర్కారు దగ్గర, అంటే ఇవాళ్టి తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టూ పరుచుకున్న నేల దగ్గర. నెలన్నర తిరిగాక, ఆగస్టు 22న, న్యూయార్క్‌లో కొత్త అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఒక ఒప్పందం గురించి సలహా అడగడానికి స్వయంగా సెనేట్‌కు వెళ్ళాడు. వాళ్ళు వెంటనే తలూపకపోయేసరికి చిరాకుపడి తిరిగొచ్చాడు. ఈ రెండు సంఘటనల మధ్య చుట్టరికం నేను కల్పిస్తున్నది కాదు. కార్న్‌వాలిస్ 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకు లొంగిపోయిన సేనాని. 1788లో గుంటూరు మీదికి దళాలను సిద్ధం చేసిన మద్రాసు గవర్నర్ ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ అంతకు పదేళ్ళ ముందు జార్జియాలోని సవన్నా పట్టణాన్ని పట్టుకున్నవాడు. అమెరికా చేజారిపోయాక ఇంగ్లండు తన మనుషులనూ, తన అనుభవాన్నీ, తన చట్టాలనూ మనవైపు తిప్పింది. విడిపోయిన అమెరికా అదే అనుభవంలోంచి తన రాజ్యాంగం రాసుకుంది. పరాయి రాజ్యంతో సంధి ఎవరు చేయాలి, యుద్ధం ఎవరు తేవాలి అన్న ప్రశ్నకు ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి కాగితం మీద జవాబు రాశారు. కాగితం మీద ఆ రెండు జవాబులూ గట్టివే. ఒకటి గుంటూరులో చిరిగిపోయింది. రెండోది న్యూయార్క్‌లో కుంటుతూనే అయినా నిలబడింది. ఈ తేడాకు కారణం చట్టంలోని మాటల్లో దొరకదు. ఆ చట్టాన్ని పట్టుకుని పాలకుణ్ణి నిలదీసే హక్కు ఎవరికి ఉందన్నదే తేల్చింది. నా వాదన అంతా దీని చుట్టూనే.

ముందు గుంటూరు సర్కారు సంగతి. ఉత్తర సర్కార్లలో దక్షిణం కొసన ఉన్నది ఇదే. ఇటు మచిలీపట్నం వైపు ఈస్టిండియా కంపెనీ భూములు, అటు నెల్లూరు, ఆర్కాటు, మద్రాసు. మధ్యలో గుంటూరు నిజాం కుటుంబం చేతిలో ఉన్నంతకాలం కంపెనీ రాజ్యం రెండు ముక్కలే. కృష్ణకు ఆనకట్ట రావడానికి ఇంకా అరవై ఏళ్ళకు పైగా ఉంది కాబట్టి, తెనాలి రేపల్లె భూములను ఇప్పటి మూడు కార్ల పంటల కళ్ళతో చూడకూడదు. కంపెనీ కన్ను పంట మీదకన్నా తీరం మీద పడింది. నిజాంపట్నం చుట్టుపక్కల తీరం 1759 మే 14న అప్పటి దక్కను పాలకుడు సలాబత్ జంగ్ చేసిన ఒప్పందంతోనే ఇంగ్లీషువాళ్ళకు దక్కింది. కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ళ నుంచి గెలుచుకున్న నెల తర్వాతి మాట అది. మిగిలింది బాపట్ల చేరువలోని మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనం వేయించిన రేవు అదే. తుఫానులో ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే అన్న పాత పద్ధతిని ఆపి, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చిన శాసనం. పరదేశులతో వ్యవహారం ఎలా ఉండాలో ఈ నేల మీద రాతిలో చెక్కి చెప్పిన కాలం ఒకటుందని గుర్తుంచుకోవాలి. పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి ఆ రేవు పాతవైభవం కోల్పోయింది, కానీ దక్కను లోపలి రాజ్యానికి సముద్రపు వాకిలి అదొక్కటే. ఫ్రెంచి సిపాయిలకూ సామగ్రికీ దారి అదే. కంపెనీకి నిద్ర పట్టనివ్వనిది ఆ వాకిలే.

1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కార్లను కంపెనీకి అప్పగించినప్పుడు గుంటూరు మాత్రం ఆయన తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఆగిపోయింది. 1768 ఒప్పందం దీన్ని మరింత స్పష్టం చేసింది: బసాలత్ జంగ్ బతికున్నంతకాలం, కంపెనీకి కీడు తలపెట్టనంతకాలం గుంటూరు అతనిది, ఆ తర్వాత కంపెనీది, దానికి కంపెనీ నిజాంకు పేష్కషు (కప్పం) కట్టాలి. ఇక్కడిదాకా చట్టపరంగా పేచీ లేదు. పేచీ 1779లో మొదలైంది. మద్రాసు గవర్నర్ థామస్ రంబోల్డ్ నిజాంను పక్కనబెట్టి బసాలత్ జంగ్‌తో నేరుగా బేరం కుదుర్చుకున్నాడు. ఫ్రెంచి సైనికులను పంపేస్తే కంపెనీ దళాలను ఇస్తామన్నాడు, గుంటూరును కౌలుకు తీసుకున్నాడు, తీసుకున్నదాన్ని పదేళ్ళకు ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి మారుకౌలుకు ఇచ్చేశాడు. తమ్ముడి జాగీరు తన పగవాడి చేతిలో పడటం చూసిన నిజాం మండిపడ్డాడు. కడప మీదుగా తన ఏలుబడి నేలలోంచి కంపెనీ దళాలు నడవడం మైసూరు పాలకుడు హైదరలీకి కోపం తెప్పించింది. ఆ మరుసటి ఏడు హైదరు కర్ణాటకం మీద విరుచుకుపడటానికి ఉన్న కారణాల్లో గుంటూరు ఒకటి. ఫిలడెల్ఫియా వైపు హైదరు పేరు ఎంత మోగిందంటే, 1782లో పెన్సిల్వేనియావాళ్ళు ఒక యుద్ధనౌకకు హైదరలీ అని పేరు పెట్టుకున్నారు. ఆ నౌక ఒక బ్రిటిషు ఓడను ఓడించి పట్టుకుంది కూడా.

రంబోల్డ్ చేసింది రాజకీయంగా తప్పే కాదు, చట్టవిరుద్ధం కూడా. 1773 రెగ్యులేటింగ్ చట్టం ప్రకారం మద్రాసు, బొంబాయి ప్రభుత్వాలు అత్యవసరమైతే తప్ప కలకత్తా గవర్నర్ జనరల్ అనుమతి లేకుండా దేశీయ రాజులతో యుద్ధం తేకూడదు, సంధి చేసుకోకూడదు. అప్పటి గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ గుంటూరును తిరిగి ఇచ్చేయమన్నాడు. రంబోల్డ్ తర్వాత గవర్నర్ స్థానంలో కూర్చున్న వైట్‌హిల్ ఆ ఆజ్ఞను నానబెట్టాడు. 1780లో కలకత్తా అతణ్ణి పదవి నుంచి తప్పించింది. రంబోల్డ్‌ను కంపెనీ డైరెక్టర్లు తర్వాతి ఏడు కొలువు నుంచి తీసేశారు. తెనాలి, రేపల్లె రైతులు పేరైనా వినని ఒక లండన్ చట్టానికి ఒక గట్టి పరీక్ష జరిగింది వాళ్ళ భూముల మీదనే. ఇదే దశకంలో అమెరికాలోనూ సరిగ్గా ఇదే తంటా. స్వతంత్రం ప్రకటించుకున్న పదమూడు రాష్ట్రాలు 1781 నాటి సమాఖ్య ఒడంబడిక కింద ఉండేవి. పరరాజ్యాలతో వ్యవహారం కాంగ్రెస్‌ది అని రాసుకున్నారు. అయినా జార్జియా రాష్ట్రం 1783లో ఒకసారి, 1785లో ఒకసారి, 1786లో ఇంకోసారి క్రీక్ అనే ఆదివాసీ జాతిలోని కొందరు పెద్దలను పిలిపించి సొంతంగా ఒప్పందాలు రాయించుకుని భూములు లాక్కుంది. క్రీక్ జనంలో ఎక్కువమంది వాటిని ఒప్పుకోలేదు, సరిహద్దులో రక్తం పారింది. మద్రాసు కలకత్తాను లెక్కచేయనట్టే జార్జియా కాంగ్రెస్‌ను లెక్కచేయలేదు. ఒక్క తేడా ఉంది: హేస్టింగ్స్ వైట్‌హిల్‌ను దింపగలిగాడు, అమెరికా కాంగ్రెస్‌కు జార్జియా చెవి మెలేసే శక్తి లేకపోయింది. ఈ చేతకానితనమే 1787లో కొత్త రాజ్యాంగం రాసుకోవడానికి దారితీసిన కారణాల్లో ఒకటి.

ఇప్పుడు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. 1784లో బ్రిటిషు ప్రధాని పిట్ తెచ్చిన ఇండియా చట్టం, భారతదేశంలో దండయాత్రలూ రాజ్య విస్తరణా తమ జాతి గౌరవానికీ విధానానికీ విరుద్ధమని నోరారా ప్రకటించింది. లండన్ నుంచి స్పష్టమైన ఆజ్ఞ లేకుండా గవర్నర్ జనరల్ యుద్ధం ప్రకటించరాదు, యుద్ధానికి దారితీసే సంధి చేయరాదు, ఎవరి రాజ్యానికీ పూచీ పడరాదు. శత్రువు నిజంగా మీదికి వస్తున్నప్పుడు, రావడానికి సన్నాహం చేస్తున్నప్పుడు మాత్రమే మినహాయింపు. 1787 సెప్టెంబరు 17న సంతకాలైన అమెరికా రాజ్యాంగం రాష్ట్రాలను సంధుల నుంచి పూర్తిగా నిషేధించింది. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చింది. సంధి చేసే అధికారం అధ్యక్షుడికి ఇస్తూనే, హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలని కట్టడి పెట్టింది. అలా ఒప్పుకున్న సంధి దేశంలో అత్యున్నత చట్టంతో సమానం అవుతుంది కాబట్టి, అది ఒక్క మనిషి చేతిలో ఉండకూడదన్నది వాళ్ళ లెక్క. ఏ గవర్నరో, ఏ రాజో చాటున కుదుర్చుకున్న బేరానికి తాము మూల్యం చెల్లించకూడదన్న భయం రెండు కాగితాల్లోనూ ఉంది. ఇంకా చెప్పాలంటే, నిషేధం వరకు పిట్ చట్టమే కరుకైనది.

ఆ కరుకైన చట్టం చేతిలో పట్టుకుని 1786లో కార్న్‌వాలిస్ కలకత్తాలో దిగాడు. బసాలత్ జంగ్ 1782లోనే చనిపోయాడు, గుంటూరు నిజాం దగ్గరే ఉంది, పేష్కషు బాకీలు కంపెనీ దగ్గర ఉన్నాయి. 1788లో కార్న్‌వాలిస్ కెప్టెన్ జాన్ కెన్నవేను హైదరాబాదు పంపాడు. వచ్చిన అసలు పని వెంటనే బయటపెట్టొద్దని అతనికి ముందే చెప్పి పంపారు. ఈలోగా కాంప్‌బెల్ దళాలు గుట్టుచప్పుడు కాకుండా సరిహద్దు చేరువకు జరిగాయి. నిజాం ఎదురు తిరగలేదు. సెప్టెంబరులో గుంటూరు చేతులు మారింది. అంతకు మూడు నెలల ముందే, జూన్ 21న, తొమ్మిదో రాష్ట్రం ఆమోదంతో అమెరికా రాజ్యాంగం ప్రాణం పోసుకుంది. ఇటు దక్కను రాజ్యం సముద్రం నుంచి పూర్తిగా తెగిపోయింది. అప్పుడు నిజాం లెక్క తేల్చమని మీర్ అబుల్ కాసింను కలకత్తా పంపాడు. తర్వాత మీర్ ఆలం పేరుతో హైదరాబాదు దివానైన మనిషి ఆయనే. మీరు 1768 ఒప్పందం పట్టుకుని గుంటూరు తీసుకున్నారు కదా, అదే ఒప్పందంలో మాకు రావలసినవి కూడా ఇవ్వండి అన్నది నిజాం వైపు వాదన. న్యాయమైన వాదనే.

చిక్కు అక్కడే వచ్చింది. 1768 ఒప్పందంలో మైసూరు పాలకుడి కింద ఉన్న బాలాఘాటు సీమ దివానీ (శిస్తు వసూలు హక్కు) కంపెనీకి దక్కుతుందన్న మాట ఉంది. నిజాం కోరినప్పుడు సైన్యం పంపుతామన్న మాటా ఉంది. కానీ 1784 మార్చిలో మంగళూరులో మైసూరు పాలకుడు టిప్పు సుల్తానుతో కంపెనీ శాంతి ఒప్పందం చేసుకుంది. టిప్పును ఆ సీమకు యజమానిగా ఒప్పుకున్నాక పాత మాట నిలబెట్టుకోవడం కుదరదు, కొత్త సంధి చేద్దామంటే పిట్ చట్టం అడ్డం. కార్న్‌వాలిస్ కనిపెట్టిన ఉపాయం ఉత్తరం. ఎప్పుడైనా ఆ సీమ కంపెనీ చేతికొస్తే పాత నిబంధనలు పాటిస్తామన్నాడు. నిజాం అడిగినప్పుడు రెండు పటాలాల సిపాయిలనూ, ఐరోపా గోలందాజులు (ఫిరంగి సైనికులు) నడిపే ఆరు ఫిరంగులనూ పంపుతామన్నాడు. అయితే కంపెనీ స్నేహితుల మీద వాటిని ప్రయోగించకూడదని, ఆ స్నేహితుల పేర్లు వరుసగా రాశాడు: పీష్వా, నాగపూరు భోంస్లే, సింధియా, మిగతా మరాఠా సర్దార్లు, ఆర్కాటు నవాబు, అయోధ్య వజీరు, తంజావూరు రాజు, తిరువాన్కూరు రాజు. ఐదేళ్ళ కిందట శాంతి సంతకం చేసిన టిప్పు పేరు ఆ వరుసలో లేదు. ఆ ఉత్తరం చదివిన ఎవరికైనా ఆ సిపాయిలు ఎటు నడవబోతున్నారో అర్థమవుతుంది, టిప్పు రాజధాని శ్రీరంగపట్నానికీ అర్థమైంది. పైగా ఈ ఉత్తరం సంధితో సమానంగా తమను కట్టిపడేస్తుందని కార్న్‌వాలిస్సే అందులో రాశాడు. ఆ ఏడాది డిసెంబరు 29న టిప్పు తిరువాన్కూరు కోటగోడల మీద దాడి చేశాడు, మూడో మైసూరు యుద్ధం వచ్చింది. దాడి తప్పు టిప్పుదే, దాన్ని ఉత్తరం మీదికి నెట్టడం సరికాదు. కానీ కంపెనీ కొలువులోనే పేరుపొందిన చరిత్రకారుడు జాన్ మాల్కం తర్వాత ఒప్పుకున్నట్టు, మైసూరుకు అనుమానం కలిగించడంలో ఈ ఉత్తరం తిన్నని సంధికన్నా ఎక్కువ చెరుపు చేసింది. చట్టం అక్షరాన్ని కాపాడి ఆత్మను చంపితే జరిగేది అదే.

ఇప్పుడు న్యూయార్క్. జార్జియా నెత్తికెత్తిన క్రీక్ గొడవ తీర్చడానికి దక్షిణాది జాతులతో చర్చలకు ప్రతినిధులను పంపాలి. వాళ్ళకు ఏం చెప్పి పంపాలో సెనేట్ సలహా తీసుకోవాలని రాజ్యాంగం అంటోంది కాబట్టి, వాషింగ్టన్ యుద్ధ కార్యదర్శి హెన్రీ నాక్స్‌ను వెంటబెట్టుకుని సభకు వచ్చాడు. కాగితాన్ని ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ చదువుతుంటే వీధిలో బళ్ళ చప్పుడుకు ఒక్క ముక్క వినబడలేదు, కిటికీలు మూయించాల్సి వచ్చింది. మొదటి ప్రశ్నకు మీరేమంటారు అని అడిగితే పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే లేచి, పాత ఒప్పందాల కాగితాలు చదివి వినిపించమన్నాడు. ఇంకొకరు విషయాన్ని కమిటీకి పంపుదామన్నారు. అప్పటికి సభలో ఉన్నది పదకొండు రాష్ట్రాల సెనేటర్లే, వాళ్ళంతా ఆయన ఎదుట తల వంచేవాళ్ళే. అయినా చూడనిదే ఒప్పుకోమన్నారు. తాను వచ్చిన పని చెడిందని వాషింగ్టన్ కసురుకున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి జవాబులు తీసుకున్నాడు గానీ, ఆ తర్వాత ఏ అధ్యక్షుడూ సంధికి ముందు సలహా కోసం అలా సభకు రాలేదు. ఇది మెక్లే తన దినచర్యలో రాసిపెట్టుకోబట్టి మనకు తెలిసింది. ఈ సంఘటనను చాలామంది రాజ్యాంగపు తొలి వైఫల్యంగా చెబుతారు. నాకు మాత్రం, యుద్ధం గెలిచి దేశాన్ని నిలబెట్టిన మనిషిని ఒక మామూలు సెనేటరు కాగితాలు చూపించమని అడగగలగడమే అందులో అసలు విషయంగా కనిపిస్తుంది. కలకత్తాలో మీర్ ఆలం ఎదుట కూర్చున్న కార్న్‌వాలిస్‌ను అలా అడిగే నాథుడు లేడు. 1786లో చేసిన సవరణ చట్టం వల్ల తన కౌన్సిలు కాదన్నా తన మాట చెల్లించుకునే అధికారం అతనికి దక్కింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. కార్న్‌వాలిస్‌కు పైన పార్లమెంటు ఉంది కదా, ఫిలిప్ ఫ్రాన్సిస్ లాంటివాళ్ళు 1791లో కామన్స్ సభలో ఈ యుద్ధాన్ని తూర్పారబట్టారు కదా? నిజమే. అయితే ఆ సభ చేసిన పని ఏమిటో చూడాలి. ఉత్తరాలు లండన్ చేరడానికే ఆరు నెలలు పట్టే రోజుల్లో ప్రశ్న పుట్టేసరికి యుద్ధం నడుస్తోంది. చివరికి 1792 మార్చిలో కామన్స్ సభ, జులై 7 నాటి ఉత్తరం చట్టప్రకారం చేసిన సంధితో సరిసమానమేనని తీర్మానించింది. అదే నెల 18న శ్రీరంగపట్నంలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, ఇద్దరు కొడుకులను తాకట్టుగా ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఆ ఏడాదే కార్న్‌వాలిస్‌కు మార్క్విస్ బిరుదు వచ్చింది. చట్టం కాదన్నదాన్ని చట్టం చేసిన సభే అవునంది. ఆ సభ్యుల్లో ఒక్కరికీ గుంటూరులోగానీ, మైసూరులోగానీ ఓటడగవలసిన పని లేదు. ప్రశ్నించేవాడికి దెబ్బ తగలకపోతే ప్రశ్న వాదనకు పనికొస్తుంది, పాలకుడి చేయి పట్టుకోవడానికి చాలదు.

దీనికి ఎదురుగా 1795, 96ల్లో అమెరికాలో జరిగింది పెట్టండి. జాన్ జే ఇంగ్లండుతో కుదుర్చుకొచ్చిన ఒప్పందం సెనేట్‌లో సరిగ్గా 20–10తో, అంటే కావలసిన మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు కూడా మిగలకుండా నెగ్గింది. అదీ ఒక నిబంధనను పక్కన పెట్టాకే. రహస్యంగా ఉంచుదామనుకున్న ప్రతిని ఒక సెనేటరు పత్రికకు అందించాడు. ఊరూరా జే దిష్టిబొమ్మలు కాల్చారు. ప్రతినిధుల సభ కాగితాలు ఇమ్మంది, సంధుల్లో మీకు పాత్ర లేదని వాషింగ్టన్ నిరాకరించాడు. అయినా అమలుకు కావలసిన డబ్బు ఆ సభే ఇవ్వాలి కాబట్టి 1796 ఏప్రిల్ 30న 51–48తో మూడు ఓట్ల తేడాలో గండం గట్టెక్కింది. మనకు తగిలే ముక్క ఒకటి ఆ ఒప్పందంలో ఉంది: పదమూడో నిబంధన ప్రకారం అమెరికా ఓడలు మద్రాసు, కలకత్తా లాంటి బ్రిటిషు రేవుల్లో వర్తకం చేసుకోవచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1816లో, అమెరికా కాంగ్రెస్ నూలు బట్ట ఎంత చవకదైనా చదరపు గజం 25 సెంట్లుగా లెక్కగట్టి సుంకం వేయాలని చట్టం చేసి, భారతదేశపు చవక బట్టకు తన తలుపు మూసింది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ అక్కడి వర్తకులు, మిల్లుల యజమానులు తమ సభలో గొంతు చించుకున్నారు. మన సాలెవారికి తలుపు తెరిచిన సంగతీ, మూసిన సంగతీ చెప్పినవాళ్ళే లేరు.

అమెరికాను ఆదర్శంగా నిలబెడుతున్నానని అనుకునేవాళ్ళకు జవాబు క్రీక్ జాతి కథలోనే ఉంది. 1790 ఆగస్టులో క్రీక్ నాయకుడు మెక్‌గిలివ్రే న్యూయార్క్ వచ్చి ఒప్పందం మీద సంతకం చేశాడు. సెనేట్ ఆమోదించింది, రాజ్యాంగం అక్షరాలా పాటించారు. కానీ ఆ ఒప్పందానికి బయటి జనానికి తెలియని రహస్య నిబంధనలు ఉన్నాయి. వాటిలో ఒకటి అతనికి బ్రిగేడియర్ జనరల్ హోదా, ఏడాదికి 1,200 డాలర్ల జీతం ఇచ్చింది. క్రీక్ జనం పెద్దయెత్తున భూమి వదులుకున్నారు. కొన్ని దశాబ్దాలకు ఆ జాతినే మిసిసిపీ నది అవతలికి వెళ్ళగొట్టారు. సెనేట్ ఉన్నా వాళ్ళకు ఒరిగింది లేదు, ఎందుకంటే సెనేట్‌లో వాళ్ళు లేరు. ఇది నా వాదనను కూల్చడంలేదు, ఇంకా బలపరుస్తోంది. ఒకే రాజ్యాంగం, ఒకే నిబంధన, సభలో గొంతు ఉన్న ఫిలడెల్ఫియా వర్తకుణ్ణి కాపాడింది, లేని క్రీక్ వేటగాణ్ణి కాపాడలేదు. గుంటూరు సర్కారు రైతు నిలబడ్డది ఆ వేటగాడి వరసలో.

మరి నిజాం ఏలుబడిలో రైతును ఎవరు అడిగారు, ఒక పాలకుడు పోయి ఇంకొకడు వస్తే ఊరికి తేడా ఏమిటి అని కూడా అడగొచ్చు. తేడా లేదనే చాలామంది అనుకున్నారు. వాసిరెడ్డి, మల్‌రాజు, మానూరు, మాణిక్యారావు వంశాల జమీందార్లు అంతకుముందు గుంటూరు సర్కారును పంచుకుని ఏలినట్టే ఏలుతూ వచ్చారు, రేపల్లె లాంటి ఠాణాల్లో శిస్తు వసూలు పాతదారిలోనే సాగింది. కానీ పాత పెత్తనంలో ఎదురు తిరగడానికి, బేరమాడటానికి, ఊరు విడిచి పక్కవాడి సీమకు వలసపోవడానికి సందు ఉండేది. 1794లో జిల్లాకు కలెక్టరు వచ్చాడు. కార్న్‌వాలిస్ బెంగాలులో 1793లో చేసిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో ఇక్కడికి వచ్చింది. ఎక్కడో రాసిన రెగ్యులేషను ఇక్కడి పొలానికి ఖరారైన లెక్క అయింది, ఎటు పోయినా అదే కంపెనీ. 1768 నుంచి నిజాంకు కట్టాల్సిన పేష్కషును కూడా 1823లో ఒక్కసారిగా సొమ్ము చెల్లించి తెంచేసుకున్నారు. గుంటూరు పేరు మీద 1768లో మొదలైన కాగితాల వరుస అక్కడ ముగిసింది. ఆ కాగితాల్లో ఏ ఒక్కదాని మీదా ఇక్కడి ఊరి కరణం సంతకమైనా పడలేదు.

మన రాజ్యాంగం ఈ చరిత్రలోంచి నేర్చుకున్నదెంత అన్నది ఇవాళ్టి ప్రశ్న. నేల విషయంలో నేర్చుకున్నాం. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ కుదుర్చుకున్న ఒప్పందంలో బెరూబారీ అనే చోటును పంచి ఇవ్వాలని ఉంటే, కార్యనిర్వాహక ఒప్పందంతో భారత భూభాగం పరుల పరం కాదు, రాజ్యాంగ సవరణ కావాలని 1960 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో బంగ్లాదేశ్‌తో సరిహద్దు పల్లెలు మార్చుకోవడానికి నూరో సవరణ చేయాల్సి వచ్చింది. 1788లో గుంటూరు మారిన తీరులో ఇవాళ ఒక్క పల్లె కూడా మారదు. కానీ నేల తప్ప మిగతా అన్నింట్లో కేంద్ర ప్రభుత్వం సంతకం చేస్తే చాలు. మన పార్లమెంటు ఏ సంధినీ ఆమోదించాల్సిన పని లేదు. ఏడో షెడ్యూలు మొదటి జాబితాలో 14వ అంశం సంధుల గురించి చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. 253వ అధికరణ రాష్ట్రాల అధికార పరిధిలోని విషయాల్లో కూడా సంధులను అమలు చేసే చట్టాలు చేయనిచ్చింది. సంధి చేసే పద్ధతి ఇలా ఉండాలని చెప్పే చట్టం మాత్రం ఇంతవరకు రాలేదు. 1994లో మరాకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం పడినప్పుడు వ్యవసాయం రాష్ట్ర జాబితాలోనిది కదా అన్న ప్రశ్న లేచింది. ఏ శాసనసభ అనుమతీ అక్కర్లేకపోయింది.

ప్రతి సంధికీ పార్లమెంటు ఓటు పెడితే ప్రభుత్వం బేరమాడలేదు, రహస్యం నిలవదు, అవతలివాడు మనల్ని నమ్మడు అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం, వాషింగ్టన్ సెనేట్ నుంచి విసురుగా బయటికి వచ్చింది ఈ బాధతోనే. కానీ జే ఒప్పందం మూడు ఓట్లతో గట్టెక్కినా గట్టెక్కింది, దానివల్ల అమెరికా బేరమాడే శక్తి పోలేదు. రహస్యంగా బేరమాడటం వేరు, బేరం తేలాక దాన్ని సభ ముందు పెట్టడం వేరు. రెండోది మొదటిదాన్ని చెరపదు. మామూలు ఒప్పందాలకు పది రోజుల నోటీసు చాలు. పంట ధరను, సుంకాన్ని, రేవును ముట్టుకునేవాటికి ఓటు ఉండాలి. ఈ విభజన చేయడం కష్టమే గానీ అసాధ్యం కాదు.

ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదని 2025 ఆగస్టు 27న మళ్ళీ తెలిసింది. ఆ రోజు నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల చెరువుల్లో రొయ్య పెంచేవాళ్ళు తగిన సైజు రాకముందే పట్టుబడి పట్టాలా, ఇంకా మేత పోయాలా అని తికమకపడ్డారు, కొనుగోలుదారులు రేటు తగ్గించారు. సుంకం వేసే అధికారం అమెరికా రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. అధ్యక్షుడు 1977 నాటి అత్యవసర చట్టం చూపించి సొంత ఉత్తర్వుతో వేశాడు. అక్కడి చిన్న దిగుమతి వ్యాపారులు కోర్టుకెక్కారు. ఆ చట్టం ఇంత అధికారం ఇవ్వలేదని 2025 మే నెలలో వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న అప్పీళ్ళ కోర్టు తీర్పు చెప్పాయి. మెక్లే అడిగిన తరహాలోనే అడిగారు, వినిపించుకునే చోటు ఉంది. రొయ్య పెంచే రైతుకు అమెరికా సభలో గొంతు ఉండదు, ఉండాలనడం న్యాయమూ కాదు. కానీ అమెరికాతోనో, ఐరోపాతోనో మన ప్రభుత్వం ఆ రొయ్య మీద ఒప్పందం చేసుకునేటప్పుడు మన సభలోనైనా ఉండాలి. రేపల్లె, బాపట్ల ఓటర్లు పంపే బాపట్ల ఎంపీ, తెనాలి ఓటర్లు పంపే గుంటూరు ఎంపీ ఇప్పుడు ఆ ఒప్పందాన్ని సంతకాలయ్యాక పత్రికలో చదువుతారు. 14వ అంశం కింద సంధుల చట్టం తెమ్మని ఆ ఇద్దరినీ అడగడానికి కొత్త రాజ్యాంగం అక్కర్లేదు, ఉన్నదే సరిపోతుంది.